కెమెరా కొనేముందు అవుకు కట్టెక్కండి

నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె... ఈ చుట్టుపక్కల చదువుతున్నారా? అయితే ఓ ఆదివారం తెల్లారకముందే అవుకు రిజర్వాయర్ కట్ట మీదికి వెళ్లండి. ఎర్రమల కొండల మీదుగా ఎండ నీటిపైకి వచ్చేదాకా ఆగండి. ఫోన్ చాలు. మంచి కెమెరా లేదన్న సాకుతోనే చాలామంది మొదలుపెట్టరు.

ముందే ఒక మాట. ప్రకృతి ఫొటోలతో నెలజీతంలా సంపాదించడం కష్టం. మన దగ్గర డబ్బు తెచ్చేవి పెళ్లిళ్లు, ఫంక్షన్లే. మరి ఈ కొండలూ కొంగలూ ఎందుకంటారా? స్టూడియోలోనో పత్రికలోనో పని అడిగితే, 'ఇప్పటిదాకా ఏం తీశావో చూపించు' అంటారు. అక్కడ సూర్యాస్తమయాలు అందరి దగ్గరా ఉంటాయి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు, ఎండాకాలం తగ్గినప్పుడు ఒకే చోట నిలబడి తీసిన పది ఫొటోలు మీ దగ్గరే ఉంటాయి. ఓపిక ఉన్నవాడని అవే చెబుతాయి.

తర్వాత బెలుం గుహలు. 3,229 మీటర్ల పొడవైన ఈ గుహల గురించి 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశారు. లోపల వెలుతురు తక్కువ, చెయ్యి కాస్త కదిలినా ఫొటో మసకే. మోచేతులు ఒంటికి ఆనించి, టైమర్ పెట్టి తీయండి. ఫ్రేములో ఒక మనిషిని నిలబెట్టండి, లేకపోతే గుహ ఎంత ఎత్తో చూసేవాళ్లకు తెలియదు.

బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యానికి వెళ్లాలనుకుంటే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి. గూళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు. ఒక్క ఫొటో కోసం తల్లిపక్షిని బెదరగొట్టడం ఏం ఘనకార్యం?

కట్టడాల ఫొటోలకు ఏటా సెప్టెంబరులో 'వికీ లవ్స్ మాన్యుమెంట్స్' పోటీ జరుగుతుంది. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైంది. అందులో పెట్టిన ఫొటోను మీ పేరు చెప్పి ఎవరైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చు. అమ్ముకుందామనుకున్నది అక్కడ పెట్టకండి. మామూలుగా మీరు సొంతంగా తీసిన ఫొటోపై హక్కు మీదే. ఎవరైనా 'ఊరికే ఇవ్వు, పేరొస్తుంది' అంటే ఎక్కడ వాడతారో రాతపూర్వకంగా అడగండి, అసలు ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి.

ఇంకోటి. తీసిన రోజే ఫైలుకు చోటు, తేదీ, సమయం, పిట్టయితే దాని పేరు రాసిపెట్టండి. వట్టి నంబరుతో వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత అది అవుకు కట్టో, మీ ఊరి చెరువు గట్టో మీకే గుర్తుండదు.