కుక్కపిల్లకు రంగెక్కడిది?

వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెఱచిన వారమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు మమ్ము సమీపించి, "అయ్యవారూ! తల్లి తెల్లనిది, తండ్రి ఎఱ్ఱనిది. పిల్ల నల్లనిదెట్లు పుట్టును?" అని యడిగెను. వాని యిల్లు ఉదయగిరిలో, చదువు ఆత్మకూరులో. వారింట పొమేరియను జాతికిని ఊరకుక్కకును పుట్టిన పొట్టి బొచ్చుకుక్క యొకటి గలదు. దాని బొచ్చు తెలుపు, ముక్కు నలుపు. దొడ్డిలో కట్టియుంచిన దినములలో ఎదురింటి ఎఱ్ఱకుక్క తప్ప వేఱొకటి దానిని చేరలేదు. ఐదు పిల్లలు పుట్టెను: రెండు మీగడరంగువి, ఒకటి తండ్రివలె ఎఱ్ఱనిది, రెండు కాటుకవలె నల్లనివి. నల్లవి యింటికి కీడని వాని అవ్వ పలికెనట. వచ్చు ఆదివారము వాటిని గోతములో బెట్టి కొండదారిని విడిచివత్తురని చెప్పుచు బాలుడు కన్నీరు పెట్టెను.

వానికి మేమిచ్చిన ప్రత్యుత్తరమునే కొంత పెంచి యీ సంచికయందు వ్రాయుచున్నాము. ఇట్టి పిల్లలు మన యూళ్లలో ఏటేట పుట్టుచున్నవి, రంగు కారణముగా వీధిపాలగుచున్నవి.

కుక్కల రంగులు లెక్కకు మిక్కిలిగా దోచును గాని, వెండ్రుక కుదుటిలో తయారగు రంగుపదార్థములు రెండే. రెండింటికిని మెలనిన్ అనియే పేరు. ఒకటి నలుపు నిచ్చునది, రెండవది పసుపు మొదలు ఎఱుపు వఱకు నిచ్చునది. కొన్ని కుక్కలలో నలుపు మార్పుచెంది కాఫీగింజరంగు దాల్చును, కొన్నిటిలో పలుచబడి బూడిదరంగగును. పసుపు పలుచబడినచో మీగడరంగగును, ఇంకను పలుచబడినచో తెలుపై కనబడును. రెండు పదార్థములును లేని చోట శుద్ధమైన తెల్లమచ్చ యేర్పడును. కావున తెల్లకుక్కలన్నియు నొక్క విధమైనవి కావు.

అద్దకమువాని యొద్ద రెండే కుండలున్నవనుకొందము. ఏ కుండలో ముంచవలెనో తెలుపు ఆజ్ఞలు తల్లిదండ్రులనుండి వచ్చును. ఆ యాజ్ఞలకే జన్యువులని పేరు. కుక్క దేహమందలి కణములలో 39 జతల క్రోమోసోములు గలవు. ప్రతి జతలో నొకటి తల్లి యిచ్చినది, ఒకటి తండ్రి యిచ్చినది. అందుచేత రంగు జన్యువులు రెండేసి ప్రతులుగా నుండును, పిల్లకు ఒక్కొక్కరినుండి ఒక్క ప్రతి మాత్రమే చేరును. గ్రెగర్ మెండెల్ అను సన్యాసి బఠాణీ మొక్కలను పెంచి యీ ధర్మమును గ్రహించి 1866లో ప్రకటించెను. 1900 వఱకు లోకము దానిని లక్ష్యపెట్టలేదు. తల్లిదండ్రుల గుణములు పాలును నీళ్లును వలె కలిసిపోవు, గింజలవలె విడివిడిగా నిలుచును. ఒక తరమున దాగినది మఱియొక తరమున బయటపడును.

ఇప్పుడు బాలుని కుక్కను చూతము. రెండు జన్యువులు మనకు ముఖ్యము. మొదటిది తలుపు వంటిది. దాని ప్రతులు రెండును చెడినచో వెండ్రుకలోనికి నలుపు రానేరదు, పసుపే వచ్చును. ఒక్క ప్రతి మంచిదైనను తలుపు తెఱచియుండును. రెండవది నల్లని యాజ్ఞ. 2007లో శాస్త్రజ్ఞులు ఆ జన్యువును గుర్తించిరి. తలుపు తెఱచియుండి, ఆ యాజ్ఞ ఒక్క ప్రతియైనను ఉన్నచో ఒళ్లంతయు నల్లనగును. ఉత్తర అమెరికాలోని నల్లతోడేళ్లకు సయితము ఆ నలుపు పూర్వము పెంపుడుకుక్కలనుండి సంక్రమించినదే.

తెల్లనితల్లికి తలుపు మూసియున్నది. దాని ముక్కు నల్లగా నుండుటయే సాక్ష్యము: దేహమునకు నలుపు చేయుట తెలియును, వెండ్రుకలకు మాత్రము అది యందలేదు. కాని మూసిన తలుపు వెనుక నల్లని యాజ్ఞ యొక ప్రతి దాగియున్నది. ఎఱ్ఱనితండ్రికి తలుపు తెఱచియున్నది, నల్లని యాజ్ఞ లేదు. తండ్రినుండి తెఱచిన తలుపును, తల్లినుండి యాజ్ఞయు పొందిన పిల్ల నల్లనిదాయెను. తలుపు పొంది యాజ్ఞ పొందనిది తండ్రివలె ఎఱ్ఱనిదాయెను. తండ్రి యొద్ద దాగియున్న చెడిన ప్రతియే చేరినవి మీగడరంగువాయెను. అనగా అవ్వ భయపడిన నలుపు ఆమె ముద్దుగా పెంచుకొన్న తెల్లకుక్కలోనిదే!

ఆ శనివారము మేము బాలునితోకూడ ఉదయగిరికి పోయితిమి. అవ్వ అరుగుమీద గూర్చుండియుండెను. ఆటకు అరగదీసిన చింతగింజలు రెంటిని తెప్పించితిమి. వాటికి ఒక ప్రక్క నలుపు, ఒక ప్రక్క తెలుపు. "అవ్వా, ఒకటి తండ్రి గింజ, ఒకటి తల్లి గింజ. రెండును నల్లగా పడినచో నల్లపిల్ల. తండ్రిగింజ మాత్రమే నల్లగా పడినచో ఎఱ్ఱపిల్ల. తండ్రిగింజ తెల్లగా పడినచో, తల్లిగింజ యెట్లు పడినను మీగడపిల్ల" అని చెప్పి వేయుమంటిమి. అవ్వ పలుమార్లు వేసెను. నాలుగు వేతలకు సుమారొకటి నల్లపిల్లకు వచ్చుచుండెను. ఐదు పిల్లలలో రెండు నల్లవగుట గింజల పాటు వంటిదే గాని శకునము కాదు.

అవ్వ కొంతసేపు ఊరకుండి, "మా పుట్టింట గొఱ్ఱెల మంద యుండెడిది. రంగు కీడని మేమొక్క పిల్లనైనను పాఱవేయలేదు" అనెను. ఆమె మాట మాకు మిక్కిలి నచ్చినది. మన నెల్లూరు గొఱ్ఱెలలో తెల్లనిదానిని, లేక లేత గోధుమ మచ్చలు గలదానిని పల్ల యనియు, తెల్లని దేహమున పెదవులయొద్దను కండ్లయొద్దను నల్లమచ్చలు గలదానిని జోడిపి యనియు, ఒళ్లంతయు ఎఱ్ఱగోధుమరంగు గలదానిని దొర యనియు కాపరులు పిలుతురు. రంగులు మూడైనను జాతి యొక్కటే. కాలభైరవుని వాహనమని నల్లకుక్కకు అన్నము పెట్టువారును మన వీధులలోనే గలరు. ఒక యింట కీడైనది పొరుగింట మేలగునా?

రొమ్ముమీదను కాలివ్రేళ్లమీదను తెలుపుండుటకు కారణమింకొకటి. గర్భమందు రంగుకణములు వెన్నువైపునుండి బయలుదేరి దేహమంతట వ్యాపించును. దూరమగు రొమ్మును, వ్రేళ్లను, తోకచివరను చేరకమునుపే కాలము మించినచో అచ్చట తెల్లమచ్చ నిలుచును. ఎఱ్ఱపిల్లలు పలుమాఱు నల్లఛాయతో పుట్టి కొన్ని వారములకు తేటపడును. కావున రంగును చూచి యెక్కువ వెల పెట్టి పిల్లను కొనువారు మోసపోవుట కలదు.

రంగునుబట్టి జాగ్రత్తపడవలసిన సందర్భములును గలవు. నల్లబొచ్చు ఎండవేడిమిని ఎక్కువగా గ్రహించును. మన మెట్టసీమ వేసవిలో నల్లకుక్కకు నీడయు నీళ్లును తప్పక యుండవలెను. బూడిదరంగుమీద చెదరిన నల్లపలకలు గల మెర్ల్ అను రంగు కొన్ని విదేశీజాతులలో గలదు. అట్టివానిని రెంటిని జతకూర్చినచో కొన్ని పిల్లలు చెవిటివిగను గ్రుడ్డివిగను పుట్టవచ్చును. అందముకొఱకు అట్లు చేయుట క్రూరత్వము. ఇక కుక్కకాటు భయమునకు రంగుతో పనిలేదు. ఏ రంగు పిల్లకైనను మూడవ నెలలో పశువైద్యశాలయందు పిచ్చికుక్కరోగపు టీకా వేయింపవలెను, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువులకు మరల వేయింపవలెను.

విద్యార్థులారా! సెలవులలో మీ వీధియందలి యొక యీతను గమనింపుడు. తల్లి బొచ్చు, ముక్కు, పిల్లల రంగులు, పుట్టిననాడును నెల కడచిన పిమ్మటను, కాగితముపై వ్రాయుడు. ఒక యీతలోనే తండ్రులు వేఱువేఱుగా నుండవచ్చునని మఱవకుడు. పాలిచ్చుచున్న తల్లిని దూరమునుండియే చూడుడు.

గోతము విప్పబడలేదు. నల్లపిల్లలలో నొకటి అవ్వ యింటనే యున్నది. రెండవదానిని మేము ఆత్మకూరునకు తెచ్చుకొంటిమి. ఇది వ్రాయుచుండగా మా బల్లక్రింద నిద్రించుచున్నది.