వంటవాడు అక్కర్లేని హోటల్... 700 బ్రాంచీల కథ!

‘‘ఒరేయ్, ఫ్రాంచైజీ ఇవ్వమని ముగ్గురు నా చుట్టూ తిరుగుతున్నార్రా. నువ్వో ఎనిమిది లక్షలు సర్దావంటే ఈ ఏడాదే పది బ్రాంచీలు చేసేద్దాం!’’

పోయిన నెల మా బావ ఫోన్. విజయవాడలో ఆయనకో బిర్యానీ పాయింట్ ఉంది. ఆ ఎనిమిది లక్షలు నేను ఐదేళ్లు ఉద్యోగం చేసి దాచుకున్నవి. వెంటనే సరే అనలేకపోయా. ఎందుకంటే నాకో గొర్రె కథ గుర్తొచ్చింది!

ఆమధ్య ప్రాజెక్టు పని మీద కాలిఫోర్నియా వెళ్తే, కొలీగ్స్ నన్ను కూపర్టినోలోని ‘లిటిల్ షీప్ మంగోలియన్ హాట్ పాట్’కి తీసుకెళ్లారు. టేబుల్ మధ్యలో స్టవ్, దానిమీద కుతకుతా మరిగే సూప్, పక్కన కాగితంలా పలుచగా కోసిన పచ్చి మటన్. అవి పెట్టేసి వెయిటర్ వెళ్లిపోయాడు. ‘‘మరి వండేదెవరు?’’ అన్నాను. ‘‘మనమే!’’ అన్నారు. డబ్బులిచ్చి మరీ మనమే వండుకోవడమేంటి బాస్ అనుకున్నా. ముక్కని సూప్‌లో ముంచితే కొన్ని సెకన్లలోనే ఉడికిపోయింది. రుచి మాత్రం అదుర్స్. రూమ్‌కొచ్చి దాని చరిత్రంతా తిరగేశా.

పేరులో మంగోలియన్ అని ఉన్నా ఇది పుట్టింది మంగోలియా దేశంలో కాదు. చైనాలో భాగమైన ఇన్నర్ మంగోలియాలో, బావ్‌తౌ అనే ఊళ్లో. 1999లో జాంగ్ గాంగ్ అనే ఆయన మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన సెల్‌ఫోన్ల వ్యాపారం చేసేవాడు. హాట్ పాట్ చైనాకి కొత్తేం కాదు. కాకపోతే బీజింగ్ పద్ధతిలో ఉడికిన మటన్‌ని నువ్వుల సాస్‌లో అద్దుకుని తింటారు. జాంగ్ ఆ సాస్‌ని తీసేశాడు. రుచంతా సూప్‌లోనే ఉండేలా వెల్లుల్లి, ఖర్జూరంలాంటి చైనా రేగుపళ్లు, రకరకాల మసాలా దినుసులు వేసి మరిగించాడు.

సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు నచ్చింది ఇక్కడే. మన బిర్యానీకి దమ్ చూసే మాస్టర్ కావాలి. ఆయన మానేస్తే రుచి పోయినట్టే. హాట్ పాట్‌కి ఆ తలనొప్పి లేదు. సూప్ మసాలా ఒక చోట తయారవుతుంది, మాంసాన్ని మెషిన్ కోస్తుంది, వండే పని కస్టమర్‌ది. అంటే, కోడ్ ఒకసారి రాసుకుని ఎన్ని సర్వర్లలోనైనా పెట్టేసుకోవడమే! అందుకే ఏడేళ్లు తిరగకుండానే బ్రాంచీలు 700 దాటాయి.

కానీ వాటిలో ఎక్కువ ఫ్రాంచైజీలే. బోర్డు ఒకటే అయినా శుభ్రత, సర్వీసు ఒక్కో చోట ఒక్కోలా తయారయ్యాయి. అప్పుడు కంపెనీ చేసిన పని చాలామంది చేయలేరు. కొత్త ఫ్రాంచైజీలు ఇవ్వడానికి బ్రేక్ వేసి, బాగోలేనివాటిని వదిలించుకుంది. బ్రాంచీల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఆ తర్వాతే, 2008లో హాంకాంగ్ స్టాక్ మార్కెట్లో లిస్టయింది. 2012లో కేఎఫ్‌సీ, పిజ్జా హట్‌ల యజమాని ‘యమ్’ 50 కోట్ల డాలర్లకు పైగా పెట్టి దాన్ని కొనేసింది.

హ్యాపీ ఎండింగ్ అనుకుంటున్నారా? ఆగండి. 2013 మే నెలలో చైనా పోలీసులు ఓ ముఠాని పట్టుకున్నారు. నక్క, ఎలుక మాంసాన్ని మటన్ అని చెప్పి అమ్ముతున్నారట! లిటిల్ షీప్ మాంసంలో ఏ లోపమూ లేదని యమ్ చెప్పింది. అయినా జనం హాట్ పాట్ అంటేనే జడుసుకున్నారు. అమ్మకాలు ఢమాల్. ఆ ఏడాది 29.5 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది ఇంకో 46.3 కోట్ల డాలర్లు... ఆ బ్రాండ్ విలువలో అంత కోత పడిందని యమ్ తన లెక్కల్లో రాసుకోవాల్సి వచ్చింది.

సూప్‌ని కాపీ చేయొచ్చు, బోర్డునీ కాపీ చేయొచ్చు. ‘ఈ ముక్క మంచిదే’ అని కస్టమర్ కళ్లు మూసుకుని తినే నమ్మకాన్ని మాత్రం ప్రతి బ్రాంచిలో మళ్లీ మొదట్నుంచీ సంపాదించుకోవాల్సిందే. పైగా తప్పు పక్కవాడిదైనా దెబ్బ మనకీ తగులుతుంది.

ఇదంతా చెప్పి బావని ఒక్కటే అడిగా. ‘‘మసాలా నువ్వే పంపిస్తావు, సరే. పది ఊళ్లలో పొద్దున్నే వచ్చే మాంసాన్ని చూసేదెవరు బావా?’’

కాసేపు ఏం మాట్లాడలేదు. ‘‘నీకు డబ్బులివ్వడం ఇష్టం లేదని చెప్పొచ్చుగా’’ అన్నాడు. నిజంగానే కోపం వచ్చింది ఆయనకి. వారం తర్వాత మళ్లీ ఫోన్. ‘‘గుంటూరులో షాపు చూశా. ఒక్కటే పెడదాం, మనమే నడుపుదాం. ఆర్నెల్లు చూశాక మిగతావాళ్ల సంగతి’’ అన్నాడు.

నిన్నే మూడు లక్షలు పంపించా. మిగతా ఐదూ ఆర్నెల్ల తర్వాత, గుంటూరులో బిర్యానీ తిన్నాకే!