శీతకాలపు కూరలకు ఎత్తుమళ్లు

తూర్పుతీర జిల్లాలలో ఆశ్వయుజ కార్తికములందు కురియు వర్షములవలన పల్లపు పెరడులలో నీరు నిలుచును. వేళ్లకు గాలి యందక ముల్లంగి, క్యారెట్టు, పాలకూర కుళ్లిపోవును. నేలకంటె ఎత్తుగా కట్టిన మడి ఇందుకు స్వల్పవ్యయమైన ఉపాయము.

మడికి 3 అడుగుల వెడల్పు, 9 అంగుళముల ఎత్తు చాలును. ఇరుప్రక్కలనుండి చేయి యందును గనుక లోపలి మట్టిని త్రొక్కనక్కరలేదు. ప్రక్కనున్న కాలువ త్రవ్విన మన్నే మడికి పోయవచ్చును. అంచులకు విరిగిన యిటుకలు, పెంకులు పనికివచ్చును. కాలువకు వాలు లేనిచో నీరు నిలిచి దోమలు పుట్టును.

పచ్చి మలమును, మురుగునీటిని ఎరువుగా వాడరాదు. వానివలన నేలను చేరిన కొంకిపురుగు పిల్లలు పాదముల చర్మముగుండా దేహమున ప్రవేశించును. ఏలికపాముల గ్రుడ్లు పచ్చికూరలతో కడుపులోనికి పోవును. 1924–1931 నడుమ ఇండోరునందు ఆల్బర్ట్ హోవర్డు రూపొందించిన పద్ధతి ననుసరించి చెత్తను, పేడను పొరలుగా పేర్చి, తడిపి, తిరుగవేసినచో సుమారు 3 నెలలకు మంచి ఎరువగును.

క్యారెట్టు, పాలకూర, మెంతికూరలలోని కెరోటిన్ శరీరమున ఎ-విటమినుగా మారును. ఆ విటమిను లోపించినచో పిల్లలకు రేచీకటి కలుగును. అది ముదిరినచో చూపే పోవును. కావున ఆసుపత్రి, పాఠశాల ఆవరణములందు ఇట్టి మళ్లు వేయించు అధికారులు రెండు విషయములు స్వయముగా పరీక్షింపవలెను: వాన వెలిసిన మరునాటికి కాలువలో నీరు ఉండరాదు, మాగని ఎరువు మడికి చేరరాదు.