"అన్నా, ఏ దేశం మంచిది?"

వార్షికోత్సవానికి పాత విద్యార్థులం వచ్చినప్పుడల్లా తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. జీతం ఎక్కడ ఎక్కువో చెబితే చాలనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. కానీ వెళ్లడానికి ఎంత అప్పవుతుంది, వెళ్లాక ఎన్నాళ్లు ఉండనిస్తారు అన్నవి జీతం కన్నా ముందు చూడాల్సినవి.

అమెరికాలో జీతాలు ఎక్కువే, మన తెలుగువాళ్లూ ఎక్కువే. అయితే హెచ్‌-1బి వీసాలు ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చదివినవారికి మరో 20 వేలు మాత్రమే. అడిగేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ. పైగా బయటి దేశాల నుంచి కొత్తగా ఉద్యోగిని తెచ్చుకునే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని 2025 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండడంతో మనవాళ్లు పదేళ్లు దాటినా ఎదురుచూస్తున్నారు.

కెనడా 2015లో పెట్టిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ మన ఎంసెట్ లాంటిదే. వయసు, చదువు, అనుభవం, భాష చూసి మార్కులేస్తారు. కటాఫ్ ప్రతిసారీ మారుతుంది. 30 ఏళ్లు వస్తే వయసు మార్కులు తగ్గడం మొదలవుతుంది. తెలుగు మీడియంలో చదివిన మాకు దెబ్బ తగిలింది మాత్రం ఇంగ్లీషు దగ్గరే.

జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు ఉండదు. అది విని మురిసిపోయాం. కానీ వీసాకు ముందే ఒక ఏడాది ఖర్చు బ్యాంకులో చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. నర్సింగ్ చేసిన చెల్లెళ్లకు అక్కడ అవకాశాలు బాగున్నాయి, కాకపోతే జర్మన్ భాష బాగా నేర్చుకోవాలి.

ఇక అసలు విషయం. తనఖా పెట్టడానికి భూమి లేని ఇళ్లు మనవి. తెలంగాణలో ఎస్సీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు ఇస్తారు. కానీ మొదటి విడత డబ్బు అక్కడ దిగినట్టు కాగితం చూపించాకే. అంటే టికెట్‌కు, వీసాకు, మొదటి ఫీజుకు మనమే చూసుకోవాలి. మాలో ఒకడు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. విడత ఆలస్యమై, వచ్చినదాంట్లో చాలా భాగం వడ్డీకే పోయింది. ఆ నిధి వర్తించే దేశాల జాబితా చూశాకే కన్సల్టెన్సీ గడప తొక్కండి.

ఇంకొకటి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఎలా ఉందో ఆధార్‌లోనూ, పాస్‌పోర్టులోనూ అలాగే ఉండాలి. దీనివల్ల మాలో ఇద్దరికి ఒక సెమిస్టర్ పోయింది. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఆ పని చూసుకోండి.