ఫుట్‌బాల్ ఆటలో 4-2-4 వ్యూహము: బలములు, లోపములు

మెట్‌పల్లి ప్రాంతపు పిల్లలకు కబడ్డీ క్రొత్త కాదు. కూతకు వచ్చినవానిని ఒకడు పట్టగనే పక్కవాడు అండగా రానిచో పట్టు విడిపోవునని వారెరుగుదురు. ఫుట్‌బాల్ వ్యూహమునకును మూలసూత్ర మిదియే. బడిపిల్లలకు బంతి కొనియిచ్చు పంచాయతీ సభ్యులు దీనిని కొంత తెలిసికొనుట మేలని తలచుచున్నాము.

ఈ విద్యలో మనకు గురుతుల్యులు హైదరాబాదు వాస్తవ్యులు, ఉపాధ్యాయులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు. వారు తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 మార్లు రోవర్స్ కప్పును గెలిచెను. వారి శిక్షణలోనే భారత జట్టు 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 గోళ్లతో ఓడెను; 1956 మెల్బోర్న్‌లో నాల్గవ స్థానము పొందెను; 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణము గెలిచెను. మన జట్టుకు 4-2-4 పద్ధతిని అలవరచిన ఘనత వారిదే.

గోల్‌కీపరును విడిచి, వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలుచుటయే ఈ వ్యూహము. వెనుక ముగ్గురే యున్న పాత పద్ధతిలో నడిమివానిని దాటినచో గోలునకు దారి తెరచుకొనెడిది. నలుగురున్నచో ఒకడు బంతిపైకి పోగా, మరియొకడు వెనుక కాపుండును. ముందున్న నలుగురిలో ఇరుపక్కలవారు ఎదుటివారిని విడదీయగా, నడిమి ఇద్దరికి సందు దొరకును. 1958లో బ్రెజిల్ ఈ పద్ధతితోనే ప్రపంచ కప్పును గెలిచెను.

లోపము నడుమ గలదు. ఎదుటివారు అచట ముగ్గురిని నిలిపినచో మన ఇద్దరును ఊపిరాడక పరుగెత్తవలెను. రెండవ సగమునకు వారు అలసిపోవుదురు. ముందున్న నలుగురికి బంతి అందదు. చూచువారు ఆ ఇద్దరినే నిందింతురు. కాని తప్పు పిల్లలది కాదు, అమరికది. బంతి పోయిన వెంటనే పక్కనున్న ముందాటగాడొకడు నడుమకు తిరిగి రావలెను. బ్రెజిల్ ఆటగాడు జగాలో చేసిన పని యిదియే. 4-3-3 పద్ధతికి దారితీసినదియు నిదియే.

వ్యూహము మనుష్యుల కొరకే గాని, మనుష్యులు వ్యూహము కొరకు గాదు. 1962లో రక్షకుడైన జర్నైల్ సింగ్ తలకు గాయము కాగా, రహీంగారు ఆయనను ముందువరుసకు మార్చిరి. ఆయన సెమీఫైనల్, ఫైనల్ రెంటను గోలు చేసెను. అప్పటికే వ్యాధిగ్రస్తులైన రహీంగారు 1963లో పరమపదించిరి.

105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల పూర్తి మైదానమునకు దాదాపు 1 ఎకరము 30 గుంటల నేల కావలెను. అంత లేనిచో చిన్న స్థలముననే ఏడుగురేసి ఆడవచ్చును. రహీంగారు బాలురకు బలహీనమైన కాలితో మాత్రమే ఆడు పోటీలు పెట్టెడివారు. దీనికి పైసా ఖర్చు లేదు. ఊరిలో ఆటకు మిగిలిన నేలను అన్యాక్రాంతము కానీయక కాపాడుటయే పంచాయతీ చేయదగిన మొదటి పని. నేల యున్ననే గదా వ్యూహము!