రేవులో జెండా నడిసముద్రంలో కనిపించదు

కాకినాడ: బంగాళాఖాతంలో వాయుగుండం బలపడగానే కోస్తా రేవుల్లో ప్రమాద సూచికలు ఎగురవేయడం పాత ఆనవాయితీ. పగలు గుర్తులు, రాత్రి దీపాలు. పదో నంబరు సూచిక ఎగిరితే పెనుతుపాను రేవు మీదుగానో, అతి చేరువగానో తీరం దాటనున్నదని అర్థం. పదకొండో నంబరు మరీ విచిత్రమైనది. వాతావరణ హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని అది తెలియజేస్తుంది. అయితే ఇవన్నీ రేవులో ఉన్నవారికి పనికివచ్చేవే. ఒడ్డు విడిచి రోజుల తరబడి వేటలో ఉన్న మరబోటుకు జెండా కనిపించదు, సెల్‌ఫోను పలకదు.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. వాతావరణ శాఖ హెచ్చరికలు జారీ చేసినప్పటికీ, అప్పటికే రొయ్యల వేటకు వెళ్లిన పడవలు అనేకం తిరిగి రాలేదు. బలుసుతిప్ప, భైరవపాలెం వంటి మత్స్యకార గ్రామాలు తీవ్రంగా నష్టపోయాయి. ఎందరు గల్లంతయ్యారన్న విషయంలో లెక్కలు ఒకదానితో మరొకటి పొసగలేదు. ఏ పడవలో ఎవరెవరు వెళ్లారో ఒడ్డున రాసిపెట్టుకునే అలవాటు లేకపోతే ఇంతకంటే ఏం జరుగుతుంది? 2017 నవంబరు చివర ఓఖీ తుపాను విరుచుకుపడినప్పుడు కేరళ, తమిళనాడు జాలర్లకూ ఇదే గతి పట్టింది. హెచ్చరిక వెలువడేసరికి వారిలో అనేకులు నడిసముద్రంలో ఉన్నారు.

ఈ లోటును పూడ్చేందుకు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రూపొందించిన ఆపద సంకేత పరికరం 2010 నుంచి వాడుకలో ఉంది. మీట నొక్కితే సంకేతం ఉపగ్రహం ద్వారా బెంగళూరు కేంద్రానికి, అక్కడి నుంచి తీరరక్షక దళానికి చేరుతుంది. కాని తన మొర ఎవరికైనా వినిపించిందో లేదో నొక్కినవానికి తెలిసేది కాదు. మునుగుతున్న పడవలో ఆ సందిగ్ధం ఎంతటి నరకమో ఊహించుకోవలసిందే. 2024 జనవరిలో ప్రకటించిన రెండో తరం పరికరం ఈ కొరత తీర్చింది. సంకేతం అందినట్లు బదులు వస్తుంది. తుపాను హెచ్చరికలను సెల్‌ఫోనుకు అనుసంధానించుకుని మాతృభాషలో చదువుకోవచ్చు. చేపలు పడే చోట్ల సమాచారమూ అందుతుంది. మత్స్యకారులు దీన్ని నిత్యం వాడటానికి బహుశా ఈ చివరి సదుపాయమే ఎక్కువ దోహదం చేయవచ్చు. లక్ష వేట పడవలకు ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లు అమర్చే 364 కోట్ల రూపాయల పథకం 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభమైంది.

అయితే పరికరం కబురు చేరవేస్తుందే గాని మనిషిని నీటిపై తేల్చదు. 2023 డిసెంబరులో అదే భైరవపాలెం సమీపాన వంట గ్యాస్ సిలిండర్ కారణంగా ఒక బోటు తగలబడింది. అందులోని 11 మందిని తీరరక్షక దళం కాపాడింది. డీజిలు, వంట పొయ్యి, వలలు ఒకే చెక్క పడవపై ఉన్నప్పుడు నిప్పు అంటుకుంటే నీటిలోకి దూకడం తప్ప దారి ఉండదు. వల లాగడానికి అడ్డమని లైఫ్ జాకెట్లను మూలన పడవేస్తే ఆ నిమిషంలో వెతికి తొడుక్కునే వ్యవధి దొరకదు.

ఫోను పలికేంత దూరంలో ఉంటే తీరరక్షక దళం నంబరు 1554కు కబురు చేయవచ్చు. అంతకు మించి వెళ్లినవారికి వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ చానలు, ఉపగ్రహ పరికరమే ఆధారం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం అమల్లో ఉంటుంది. బోట్లు ఒడ్డుకు చేరి మరమ్మతులు చేయించుకునేది అప్పుడే. పరికరాల బ్యాటరీలు, జాకెట్ల పట్టీలు సరిచూసుకోవడానికీ అదే అదను.