కునుకు తీసే గడియారాలు

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం అరకు లోయకు కాస్త పడమరగా సాగిపోతుంది. అందుకే అరకు పక్కనున్న డుంబ్రిగుడలో సూర్యుడు చూపే సగటు వేళకూ చేతి గడియారానికీ తేడా నిమిషం అటూ ఇటూ మాత్రమే. కానీ రేషన్ సరుకులిచ్చే డీఆర్ డిపోలో బియ్యం కోసం వేలిముద్ర వేసేటప్పుడు పొద్దు చూసి చెప్పే వేళ చాలదు. వేలిముద్రతోపాటు దాన్ని తీసుకున్న సమయం కూడా ఆధార్ సర్వర్‌కు వెళుతుంది. అది సర్వర్ సమయం కంటే మరీ ముందున్నా, బాగా పాతదైనా అభ్యర్థన తిరస్కారమవుతుంది. వేలూ సరైనదే, మనిషీ సరైనవారే. వేళ ఒక్కటే కుదరలేదు.

మరి సర్వర్ గడియారమే తప్పితే?

ఇప్పుడు చాలా సేవలు నడిచేది వర్చువల్ మెషీన్ల మీద. ఒకే పెద్ద యంత్రంలో పదుల కొద్దీ ఊహా కంప్యూటర్లు కాపురముంటాయి. ప్రాసెసర్‌ను వాటికి వంతులవారీగా పంచేది హైపర్‌వైజర్. చిక్కంతా ఆ వంతుల్లోనే ఉంది.

అసలు కంప్యూటర్‌లోని వేళ కొలిచే క్వార్ట్జ్ స్ఫటికమే మచ్చలేనిదేం కాదు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా రోజుకు 4.3 సెకన్లు తప్పుతుంది. వర్చువల్ మెషీన్‌కు ఇంకో ఇబ్బంది తోడవుతుంది. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లు సెకనుకు 100 నుంచి 1000 సార్లు వచ్చే టిక్కులను లెక్కపెట్టి కాలాన్ని కొలిచేవి. గింజలు వేస్తూ లెక్కపెట్టే మనిషికి కునుకు పడితే ఏమవుతుంది? లేచాక ఆగిన చోటినుంచే మొదలుపెడతాడు, మధ్యలో గడిచింది లెక్కలోకి రాదు. వంతు రాని మెషీన్‌దీ అదే పరిస్థితి. దాన్ని మధ్యాహ్నం ఆపి సాయంత్రం లేపితే, ఎవరూ సరిదిద్దకపోతే, దానికింకా మధ్యాహ్నమే.

దీనికి ఇంజినీర్లు కనిపెట్టిన మార్గం చక్కనిది: లెక్కపెట్టడం మాని అడగడం. లైనక్స్‌లోని కేవీఎం-క్లాక్ పద్ధతిలో అసలు పెద్ద యంత్రం, అంటే హోస్ట్, సమయ వివరాలను ఉమ్మడి మెమరీలో రాసి ఉంచుతుంది. వర్చువల్ మెషీన్ వాటిని చదువుకుంటుంది. హోస్ట్ గడియారాన్ని సరిగా ఉంచేది నెట్‌వర్క్ ద్వారా వేళను సరిచేసేందుకు డేవిడ్ మిల్స్ రూపొందించిన ఎన్‌టీపీ. ఇది 1985 నుంచీ వాడుకలో ఉంది. చిన్న తేడాలను ఇది ఒక్కసారిగా దూకించదు, గడియారాన్ని కాస్త వేగంగానో నెమ్మదిగానో నడిపి సర్దుతుంది. ఎందుకంటే కాలం వెనక్కి దూకితే, తర్వాత జరిగిన లావాదేవీ ముందు జరిగినట్టు నమోదవుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. హైపర్‌వైజర్‌తో వచ్చే సమయ సాధనం, ఎన్‌టీపీ రెండూ ఒకే గడియారాన్ని దిద్దకూడదు. ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది.

మన దేశంలో ప్రామాణిక కాలాన్ని కాపాడేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల, సీజియం అణు గడియారాలతో. సర్వర్ గడియారాలను ఆ ప్రయోగశాల సమయంతోనో, జాతీయ సమాచార కేంద్రం సమయంతోనో కలిపి ఉంచాలని సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఇది కాగితం మీద మిగలాల్సిన ఆదేశం కాదు.

సర్వర్లు చూసుకునే మిత్రులకు ఒక విన్నపం. ఆపిన వర్చువల్ మెషీన్‌ను లేపిన ప్రతిసారీ, సేవను తెరిచే ముందు దాని గడియారాన్ని సరిచూడండి. కొండ దిగి డిపోకు వచ్చిన మనిషి ఖాళీ సంచితో వెనక్కి నడవకూడదు.